చదరంగం గింజల మొత్తం చివర సున్నాలు రావండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో చదరంగం కథ వేశారు. చదరంగం కనిపెట్టిన పండితుడు రాజుగారిని మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గడులకీ రెట్టింపు చేసుకుంటూ ఇప్పించమనడం, రాజు ఇంతేనా అని నవ్వడం, ఆనక గాదెలు ఖాళీ అయిపోవడం, అదే కథ. కథ బాగుంది, బొమ్మ ఇంకా బాగుంది. కానీ కింద రంగు పెట్టెలో పెద్ద అక్షరాలతో వేసిన మొత్తం, 18446744073709600000, తప్పు. చివర అయిదు సున్నాలు కూర్చున్నాయి చూడండి, అవి అక్కడ ఉండటానికి వీల్లేదు.

ఇది పట్టుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. మొదటి గడిలో ఉన్నది ఒక్క గింజ, మిగిలిన 63 గడుల్లోనూ ఉన్నవి సరి సంఖ్యలు. సరి సంఖ్యలు ఎన్ని కలిపినా సరి సంఖ్యే, దానికి ఆ మొదటి గింజ కలిపితే బేసి అవుతుంది, మరి సున్నాతో ఎలా ముగుస్తుంది? నేను సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. వాళ్లకి మీ పేజీ చూపించి ఇందులో తప్పుంది వెతకండి అంటే ఒక అమ్మాయి "ఏటి మాస్టారూ, మొదటి గడిలో గింజ ఎటు పోనాది" అంది. అంతే, ఇంక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

సరైన సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. మాటల్లో చెప్పాలంటే లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, ఆ మీద 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఆ మీద 95 లక్షల 51 వేల 615. మొత్తం 20 అంకెలు. లెక్కల భాషలో రెండు పవర్ 64, అందులోంచి ఒకటి తక్కువ.

మీరు వేసినదానికీ దీనికీ తేడా ఎంతో తీసి చూశాను, 48,385. నేను నరసన్నపేట దగ్గర ఒక రైసు మిల్లులో చాలాకాలం గుమస్తాగా చేసినవాణ్ణి, కాబట్టి గింజలు అనగానే చెయ్యి తూకం వైపే పోతుంది. స్వర్ణ రకం ధాన్యం వెయ్యి గింజలు ఇంచుమించు 20 గ్రాములు తూగుతాయి. అంటే కిలోకి 50 వేలు, మా వైపు 80 కిలోల బస్తాకి 40 లక్షల గింజలు. ఈ లెక్కన చదరంగం బల్ల మీద మొత్తం ధాన్యం సుమారు 36,900 కోట్ల టన్నులు, దేశమంతా ఏటా 20 కోట్ల టన్నుల ధాన్యం పండుతుందనుకున్నా 1,800 ఏళ్లకి పైగా పంట. అంత ధాన్యంలో మీరు చేసిన తప్పు 48,385 గింజలు, అంటే కిలో కూడా లేదు. మిల్లులో అయితే ఇలాంటి తేడాని ఎవరూ పట్టించుకోరు, తేమలోనే అంతకంటే ఎక్కువ పోతుంది. మరి ఈ పెద్దమనిషికి పనిలేదా, ఉత్తరం రాయడం దేనికి అని మీరు అనుకోవచ్చు.

ఎందుకంటే మీరు వేసింది పిల్లల పేజీలో, లెక్కల శీర్షిక కింద. తూకానికి ఆ రెండు సంఖ్యలూ ఒకటే, లెక్కలో మాత్రం వాటికి చుట్టరికమే లేదు. అసలు సంఖ్యకి ఏడు ప్రధాన కారణాంకాలు ఉన్నాయి: 3, 5, 17, 257, 641, 65537, 67,00,417. ఈ ఏడింటినీ ఒక్కొక్కసారి గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్య వస్తుంది, ఏదీ రెండోసారి రాదు. మీరు వేసిన సంఖ్యని ఈ ఏడింట్లో ఎన్ని భాగిస్తాయో చూడాలంటే 20 అంకెలతో కుస్తీ పట్టక్కర్లేదు, అసలుది ఎలాగూ శేషం లేకుండా పోతుంది కాబట్టి తేడా 48,385ని భాగించి చూస్తే చాలు. 3తో పోదు, అంకెల మొత్తం 28. 17తో భాగిస్తే 3 మిగులుతుంది, 257తో 69, 641తో 310. మిగతా రెండూ 48,385 కంటే పెద్దవి కాబట్టి వాటితో భాగించే మాటే లేదు. 5 ఒక్కటే నిలిచింది. కిలో ధాన్యం తేడాకి ఏడుగురిలో ఆరుగురు వెళ్లిపోయారు.

ఈ ఏడు ఎక్కడివి అన్నదే మీ పేజీలో రావాల్సిన అసలు ముచ్చట, ఎందుకంటే అవి ఆ బల్ల మీదే కనిపిస్తాయి. గడుల్ని రెండేసి చొప్పున కలపండి. ఒకటీ రెండూ మూడు, తర్వాతి జత నాలుగూ ఎనిమిదీ 12, ఆ తర్వాతి జత 16, 32 కలిపి 48. ప్రతి జతా ముందు జతకి నాలుగింతలు, అన్నీ 3 గుణిజాలే, కాబట్టి మొత్తం కూడా 3తో పోయి తీరాలి. ఇప్పుడు నాలుగేసి చొప్పున కలపండి, మొదటి నాలుగు గడులు 15, తర్వాతి నాలుగు 240, అది 15కి పదహారింతలు. దాంతో 5 కూడా వచ్చేసింది. ఒక వరస మొత్తం, అంటే ఎనిమిది గడులు, 15కి పదిహేడింతలు, 255. రెండో వరసలో మొదటి వరసకి 256 రెట్లు ఉంటుంది కాబట్టి రెండు వరసలూ కలిపి 255 ఇంటూ 257, అంటే 65,535. ఇలాగే నాలుగు వరసలకి 65,535 ఇంటూ 65,537, బల్ల మొత్తానికి ఆ వచ్చినదాన్ని 429,49,67,297తో గుణించాలి. ప్రతిసారీ సగం బల్ల, దాని పక్కన అదే సగం ఇంకొన్ని రెట్లు, అంతే సూత్రం. స్కూల్లో ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ అని బట్టీ పట్టిస్తాం కదా, ఇది అదే, ఆరుసార్లు వరసగా. ఈ లెక్క బల్ల మీద చూపించాక ఆ సూత్రం ఎందుకు అని నన్ను ఏ పిల్లాడూ మళ్లీ అడగలేదు.

సగం బల్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. మీ కథలో రాజు రెండో వరసకే బెదిరిపోయినట్టు రాశారు. మొదటి రెండు వరసలు నిండేసరికి అయిన ధాన్యం కిలో మూడొందల గ్రాములు, అంతే. 22వ గడికి గానీ ఒక బస్తా నిండదు. నాలుగు వరసలు, అంటే సరిగ్గా సగం బల్ల పూర్తయ్యేసరికి 429,49,67,295 గింజలు, బస్తాల్లో 1,074. ఎకరాకి పాతిక ముప్పై బస్తాలు చూసుకుంటే 40 ఎకరాల ఆసామి ఒక ఖరీఫ్‌లో ఇవ్వగలిగినంత. రాజుగారికి అదొక లెక్కా! అసలు టెన్షన్ మొదలయ్యేది రెండో సగంలో, 33వ గడి ఒక్కటే మొదటి 32 గడులన్నిటి కంటే ఒక గింజ ఎక్కువ. ఏ గడి తీసుకున్నా అంతే, దాని ముందున్నవన్నీ కలిపినా దానికి ఒక గింజ తక్కువే ఉంటాయి. ఆఖరి గడిలో ఉండేది 92,23,37,20,36,85,47,75,808. చాలా చోట్ల ఈ ఆఖరి గడి సంఖ్యనే మొత్తం అని రాసేస్తుంటారు, మీరు ఆ తప్పు చెయ్యలేదు, సంతోషం.

ఇక ఆ 429,49,67,297 దగ్గర కొంచెం ఆగాలి. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. వీటి తర్వాత రావాల్సిన ఈ సంఖ్య కూడా ప్రధానమే అయి ఉంటుందని, ఇలా పుట్టుకొచ్చేవన్నీ అంతేనని ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే ఆయన 1640 ప్రాంతంలో ఉత్తరాల్లో రాశాడు. ఆయన వృత్తి వకాల్తా, న్యాయస్థానం పని, లెక్కలు సరదాకి. 90 ఏళ్ల పైచిలుకు ఎవరూ కాదనలేదు. 1732లో ఆయిలర్ అనే లెక్కల పండితుడు దాన్ని 641తో భాగించి చూపించాడు, 641 ఇంటూ 67,00,417. ఆయన గుడ్డిగా ఒక్కొక్క సంఖ్యా వేసుకుంటూ పోలేదు. ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం అంటూ ఉంటే అది 64 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండి తీరాలని ముందు తేల్చుకున్నాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు చిన్నవాటి నుంచి వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరికిపోతుంది.

641 ఎందుకు భాగిస్తుందో భాగహారం చెయ్యకుండా కూడా చూపించొచ్చు, నాకు మహా ఇష్టమైన లెక్క ఇది, కాస్త ఓపిక పట్టండి. 640ని నాలుగు సార్లు వేసుకుని గుణించి ఒకటి తీసేస్తే అది 641తో పోతుంది, ఎందుకంటే అందులో 640 స్క్వేర్ మైనస్ ఒకటి ఉంది, అంటే 639 ఇంటూ 641 ఉంది. ఇంకోవైపు 640 అంటే 5 ఇంటూ 128, కాబట్టి దాని నాలుగో పవర్ 625 ఇంటూ రెండు పవర్ 28. 625 అంటే 641లో 16 తక్కువ. ఆ 16ని రెండు పవర్ 28తో గుణిస్తే రెండు పవర్ 32. అంటే 640 పవర్ 4 అనేది 641 గుణిజంలోంచి రెండు పవర్ 32 తీసేస్తే వచ్చేది. దాంట్లోంచి ఇంకో ఒకటి తీస్తే 641తో పోతుందని మొదటే చూశాం కదా, మరి ఆ తీసేసిన రెండు పవర్ 32, ఒకటి, రెండూ కలిపి కూడా 641తో పోవాల్సిందే. కాగితం మీద రాసుకుంటే నాలుగు వరసలు. ఎనిమిదో తరగతి వాళ్లకి అందుతుంది, నేను చెప్పి చూశాను.

ఫెర్మా వరసలోని ఆ మొదటి అయిదింటికి, అంటే 3, 5, 17, 257, 65537కి, మరో గొప్ప ఉంది. జర్మనీలో గౌస్ 1796లో, ఇంకా 19 ఏళ్లు నిండకముందే, స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే 17 సమాన భుజాల బొమ్మ గీయవచ్చని నిరూపించాడు. అలా గీయగలిగే బొమ్మల్లో భుజాల సంఖ్య ప్రధానమూ బేసీ అయితే అది ఈ వరసలోదే అయి ఉండాలి, ఇంతవరకు తెలిసినవి ఈ అయిదే, ఆరోది దొరకలేదు. ఈ అయిదింటినీ గుణిస్తే వచ్చేది మన సగం బల్ల గింజలు, ఆ 429,49,67,295. చదరంగం కథకీ జామెట్రీ బాక్సుకీ సంబంధం ఉందంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మీరు మాత్రం "వామ్మో ఎంత పెద్ద సంఖ్యో" దగ్గరే ఆపేశారు.

ఇదంతా పరదేశపు వ్యవహారం అనుకునేవాళ్లకి మన ఇంటి సంగతి. పద్యంలో ప్రతి అక్షరం గురువో లఘువో అవ్వాలి, కాబట్టి పాదానికి ఎన్ని అక్షరాలో అన్నిసార్లు రెట్టింపు. ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలు, అన్ని అక్షరాలకీ కుదిరే వరసలు 10,48,576. వాటిలో ఉత్పలమాల 3,55,799వ వృత్తం అని ఛందస్సు పుస్తకాల్లో రాసి ఉంటుంది, అది ఎలా వచ్చిందో మాత్రం చాలామంది చెప్పరు. భ ర న భ భ ర వ గణాల్ని చదరంగం గడుల్లో మొదటి నుంచి పేర్చండి, లఘువు పడిన గడుల్లోని గింజలన్నీ కూడండి, 3,55,798 వస్తుంది, ఒకటి కలపండి. చంపకమాలకీ చేసి చూడండి, 7,11,600 రావాలి. మన తెలుగు మాస్టార్లూ లెక్కల మాస్టార్లూ ఒకే స్టాఫ్ రూములో కూర్చుని ఈ మాట ఒకరికొకరు చెప్పుకోరెందుకో.

64 సార్లు రెట్టింపు చెయ్యడానికి 64 గుణకారాలు కూడా అక్కర్లేదు, పింగళుడి ఛందశ్శాస్త్రంలోనే సగాలు చేసుకుంటూ వర్గాలు కట్టే దారి ఉంది. రెండుని వర్గం చేస్తే 4, దాన్ని చేస్తే 16, ఆపైన 256, 65,536, 429,49,67,296, ఇంకొక్కసారి చేస్తే మనది. ఆరు గుణకారాలు. ఆఖరిది చూసి భయపడతారు గానీ ఆ పది అంకెల్ని 42949, 67296 అని రెండు ముక్కలు చేసుకుంటే మూడు చిన్న గుణకారాలు, ఒక కూడిక. అల్ బిరూనీ, అదే తర్వాత మన దేశం గురించి పెద్ద పుస్తకం రాసినాయన, 1000వ సంవత్సరం ప్రాంతంలో ఈ చదరంగం లెక్క వేసి ఆఖరి 615తో సహా సరిగ్గా రాసిపెట్టాడు. వెయ్యేళ్ల కిందట చేత్తో వచ్చిన అంకెలు ఇవాళ మీ డెస్కు మీద కంప్యూటర్‌లో పోయాయి.

ఎలా పోయాయో నాకు తెలుసు. ఎవరో స్ప్రెడ్‌షీట్‌లో రెండు పవర్ 64 కొట్టి వచ్చింది కాపీ చేశారు. ఆ షీటు 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోది నుంచి సున్నాలు పెట్టేసి ఊరుకుంటుంది, ఎర్రర్ అని కూడా చూపించదు. ఒకటి తీసేసినా అదే సంఖ్య చూపిస్తుంది, కావాలంటే ఇప్పుడే చూడండి. ఇదేదో లెక్కల పిచ్చివాళ్ల బాధ అనుకోకండి, 16 అంకెల బ్యాంకు కార్డు నంబరు ఆ షీటులో కొట్టినా ఆఖరి అంకె సున్నా అయిపోతుంది. మిల్లులో రైతుల చెల్లింపుల వివరాలు ఎక్కించేటప్పుడు పొడుగు నంబర్ల దగ్గర మేం ఎంత జాగ్రత్త పడేవాళ్లమో నాకు తెలుసు. 12 అంకెల ఆధార్‌కి ఈ బెడద లేదు.

ఇక నిజమా కాదా అని సరిచూసుకోవడానికి పిల్లలకి స్కూల్లో నేర్పే భాజనీయతా సూత్రాలే చాలు. రెండు పవర్ల ఆఖరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి, 64 నాలుగుతో పోతుంది కాబట్టి 6, ఒకటి తీస్తే 5తో ముగియాలి. అంకెలు కూడితే 87, అది 3తో పోతుంది, 9తో పోదు, అలాగే ఉండాలి. మీరు వేసినదాని అంకెలు 70, మూడుతో పోదు, అక్కడే దొరికిపోయారు. 11కి కుడి నుంచి ఒక అంకె కలుపుతూ ఒకటి తీసేస్తూ వెళ్తే 37, అంటే శేషం 4. రెండు పవర్ 10ని 11తో భాగిస్తే ఒకటి మిగులుతుంది, కాబట్టి 64 బదులు 4వ పవర్ చూస్తే చాలు, 16లో ఒకటి తీస్తే 15, శేషం అదే 4. కుదిరింది. అయిదు నిమిషాల పని, మీ డెస్కులో ఎవరైనా చెయ్యొచ్చు.

మీ పేజీలో పక్కనే కాశీ గుళ్లో 64 బంగారు పళ్లేలని మూడు కడ్డీల మీద ఒక్కొక్కటే, చిన్నదాని మీద పెద్దది రాకుండా, ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చే కథ కూడా వేశారు. అది నిజంగా కాశీ కథ కాదండీ, 1883లో ఫ్రాన్స్‌లో ఎడ్వర్డ్ లూకా అనే లెక్కల ప్రొఫెసర్ తన ఆటబొమ్మతో పాటు వదిలిన ముచ్చట. అక్కడ జరపాల్సిన ఎత్తుల సంఖ్యా ఇదే, సెకనుకి ఒకటి చొప్పున 58 వేల కోట్ల ఏళ్ల పైనే పడుతుంది. రెండు కథలకీ ఒకే సంఖ్య అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంత బాగుండేది. పైగా ఆ రెండో కథ కింద మీరు సంఖ్యే వెయ్యలేదు, "లెక్కలేనన్ని" అన్నారు. లెక్క ఉంది కదండీ.

కాబట్టి నా మనవి. వచ్చే ఆదివారం అదే చోట, అదే సైజు అక్షరాల్లో సరైన సంఖ్య వెయ్యండి, లోపలి పేజీలో చీమ తలంత సవరణ వద్దు. దాని కింద ఆ ఏడు ప్రధాన సంఖ్యలూ వేసి, ఈ సంఖ్యని శేషం లేకుండా భాగించే సంఖ్యలు మొత్తం ఎన్ని అని పిల్లల్ని అడగండి. ఏడింట్లో ఒక్కొక్కదాన్నీ తీసుకోవచ్చు, మానెయ్యొచ్చు, అంతవరకే క్లూ ఇవ్వండి. జవాబు 128, మొదటి వరసలో ఆఖరి గడి గింజలు, అది మాత్రం ముందే చెప్పకండి. సవరణ వేసేటప్పుడు దయచేసి మళ్లీ ఆ షీటులోంచి కాపీ చెయ్యొద్దు, గడిని ముందు టెక్స్ట్‌గా మార్చుకుని అంకెలు చేత్తో కొట్టి, ప్రూఫ్ చూసేవాళ్లని ఒకసారి 87 వచ్చిందా అని కూడి చూడమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా